లిస్బన్‌లో గూఢచారుల వెంట ఒక రోజు: ఉదయం మేలిమి, మధ్యాహ్నం గిల్టు

రెండవ ప్రపంచయుద్ధం సాగిన ఆరేళ్ళూ తటస్థంగా ఉండిపోయిన పోర్చుగల్‌లో, బ్రిటన్, జర్మనీ దేశాల వేగులవారు ఒకే హోటల్ వరండాల్లో, ఒకే కాఫీ బల్లల దగ్గర ఒకరినొకరు కనిపెట్టుకుంటూ తిరిగిన కథను చూపిస్తామంటూ లిస్బన్ నగరంలో కాలినడక పర్యటనలు నడుపుతారు. గత అక్టోబరులో నేను, నా భార్య అటువంటి ఒక పర్యటనకు వెళ్ళివచ్చాము. సంస్థ పేరు ఇక్కడ రాయదలచుకోలేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క సంస్థకే పరిమితమైనవి కావనీ, ఈ వస్తువును అమ్ముకునే తీరులోనే ఉన్నవనీ నా అభిప్రాయం. పర్యటన రెండు భాగాలుగా ఉంటుంది. ఉదయం లిస్బన్ నడిబొడ్డున మూడు గంటల నడక. మధ్యాహ్నం రైలెక్కి సముద్రతీరంలోని ఎస్టొరిల్‌కు ప్రయాణం, అక్కడ మరో రెండున్నర గంటలు. మొదటి భాగానికి పెట్టిన ప్రతి యూరో సార్థకమైంది. రెండవ భాగానికి పెట్టినది అలా అనిపించలేదు. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందుగా ఏర్పాట్ల సంగతి. మొత్తం పన్నెండుమందిమి, వ్యాఖ్యానం ఇంగ్లీషులో. చెవికి తగిలించుకునే చిన్న రిసీవర్లు ఇచ్చారు గానీ, ట్రాము పక్కనుంచి పోయిన ప్రతిసారీ అవి గరగరమని మూగబోయాయి. లిస్బన్ కాలిబాటలు నునుపుగా అరిగిన చిన్న రాళ్ళతో పరిచినవి కాబట్టి, చినుకు పడితే జారుతాయి. మెత్తని అడుగున్న చెప్పులతో రావద్దని బుకింగ్ సమయంలోనే చెప్పి ఉంటే బాగుండేది. మధ్యాహ్న భోజనం, రైలు టికెట్ మన ఖర్చే. మా గైడ్ చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఒక పెద్దావిడ. ఆమె మాట్లాడే పద్ధతిలో తొందర లేదు, అడిగిన ప్రశ్నను దాటవేయడమూ లేదు.

నడక రొస్సియో చౌకులో మొదలవుతుంది. నలుపు తెలుపు రాళ్ళతో అలలు పరిచినట్టుండే ఆ చౌకు మధ్యన నిలబెట్టి, ఆమె మొదట చెప్పినది గూఢచారుల గురించి కాదు, దీపాల గురించి. 1940 వేసవి నాటికి లండన్ నుంచి బెర్లిన్ దాకా రాత్రివేళ కిటికీలకు నల్లగుడ్డలు కట్టుకుని బతుకుతున్న ఖండంలో, ఈ నగరంలో మాత్రం వీధిదీపాలు యథాప్రకారం వెలిగేవి. పిరనీస్ పర్వతాలు దాటి, స్పెయిన్ మీదుగా ఇక్కడికి చేరిన కాందిశీకులు మొదటి రాత్రి ఆ వెలుతురును చూసి నోట మాట రాక నిలబడిపోయేవారట. దుకాణాల్లో ఉభయపక్షాల పత్రికలూ పక్కపక్కనే వేలాడేవి. చౌకు అంచున ఉండిన సుయిసా అనే మిఠాయి దుకాణం ముందు బల్లల దగ్గర మధ్య యూరప్ భాషలన్నీ వినిపించేవి. ఆడవాళ్ళు టోపీ లేకుండా బయట కూర్చుని సిగరెట్ కాల్చడం చూసి ఆనాటి లిస్బన్ సంప్రదాయవాదులు నివ్వెరపోయారు. ఆ దుకాణం 2018లో మూతపడింది. దాని స్థానాన్ని చూపిస్తూ ఆమె అరనిమిషం మాట్లాడకుండా నిలబడింది. ఏ రిసీవరూ అక్కరలేని వ్యాఖ్యానం అది.

ఇక్కడే ఆమె తన సంచిలోంచి కొన్ని కాగితాల నకళ్ళు తీసి మా చేతుల్లో పెట్టింది. నా దృష్టిలో పర్యటన మొత్తానికి ఇదే తలమానికం. ఫ్రాన్స్ పడిపోయాక అమెరికాకు పోదలచిన మనిషికి మొదట గమ్యదేశపు వీసా కావాలి. దానితోపాటు ఓడ టికెట్ చూపిస్తేనే పోర్చుగల్ తన భూభాగం గుండా పోవడానికి అనుమతి ఇస్తుంది. అది ఉంటేనే స్పెయిన్ అనుమతి. ఇవన్నీ ఉన్నా ఫ్రాన్స్ నుంచి బయటపడటానికి మరో అనుమతి. ఒకదాని కోసం వరుసలో నిలబడి ఉండగా మరొకదాని గడువు తీరిపోయేది. మళ్ళీ మొదటికి. ఎవరెవరికి ముందస్తుగా లిస్బన్ ఆమోదం లేకుండా వీసా ఇవ్వకూడదో చెబుతూ 1939 నవంబరులో పోర్చుగల్ విదేశాంగ శాఖ 14వ నంబరు సర్క్యులర్ పంపింది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో పోర్చుగల్ కాన్సల్ జనరల్‌గా ఉన్న అరిస్టిదెస్ దె సోజా మెండెస్ 1940 జూన్‌లో ఆ ఆదేశాన్ని పక్కనపెట్టి, వచ్చినవారికి వచ్చినట్టు వీసాలు రాసి ఇచ్చాడు. ప్రభుత్వం అతణ్ణి వెనక్కి పిలిపించి, విచారణ జరిపి, ఉద్యోగజీవితానికి స్వస్తి చెప్పించింది. లిస్బన్‌లోని యూదు సంఘం కాందిశీకుల కోసం నడిపిన వంటశాలలోనే అతని కుటుంబమూ భోజనం చేయవలసి వచ్చింది. 1954లో పేదరికంలో మరణించాడు. అతని పేరిట దేశ ప్రముఖుల సమాధి మందిరమైన జాతీయ పాంథియన్‌లో స్మారకం వెలసింది 2021లో. ఆ నకళ్ళలో ఒక వీసా ముద్రను వేలితో తడుముతూ మా బృందంలోని ఒక ముసలాయన చాలాసేపు తల ఎత్తలేదు. ఎవరూ కారణం అడగలేదు.

గూఢచారుల పర్యటనకు వచ్చి కాగితాల కథ వినడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ నగరంలో గూఢచర్యం మొలిచింది ఆ వరుసల్లోంచే. నెలల తరబడి ఎదురుచూసే మనిషికి డబ్బు కావాలి, కాగితం కావాలి. ఈ రెండూ ఇవ్వగలవాళ్ళకు వార్తలు కావాలి. ఏ ఓడ ఎప్పుడు బయలుదేరుతోందో రేవులోని కూలీకి తెలుసు, హోటల్‌లో ఎవరు ఎవరితో భోంచేశారో వడ్డించేవాడికి తెలుసు. పుకారును కొనేవాళ్ళు ఇద్దరు ఉన్నప్పుడు దాన్ని ఇద్దరికీ అమ్మడం సహజం.

రొస్సియో రైల్వే స్టేషన్‌ను ఆనుకుని 1892లో తెరిచిన అవెనిడా ప్యాలెస్ హోటల్ ఉంది. దాని నాలుగో అంతస్తు నుంచి స్టేషన్‌లోకి ఒక రహస్య దారి ఉండేదనీ, ఎవరి కంటా పడకూడని అతిథులు దానిగుండా వచ్చిపోయేవారనీ చెబుతారు. ఫొటోలు తీసుకునేవారికి ఇది ఇష్టమైన మజిలీ. నాకు అంత రుచించలేదు. గోడను చూసి తలుపును ఊహించుకోవాలి.

అక్కడినుంచి కొంచెం ఎగువన, ఒక చెట్టు కింద రాతి బెంచీల దగ్గర ఆమె చెప్పిన హువాన్ పుజోల్ కథ మాత్రం ఎంత చెప్పినా తనివి తీరనిది. బార్సిలోనాలో పుట్టిన ఈ స్పానిష్ మనిషి, నాజీలంటే గిట్టక, తనను గూఢచారిగా తీసుకోమని మాడ్రిడ్‌లోని బ్రిటిష్ వాళ్ళ తలుపు తట్టాడు. వాళ్ళు పొమ్మన్నారు. అప్పుడతను జర్మన్ల దగ్గరికి వెళ్ళి, తాను నాజీ అభిమానిననీ, బ్రిటన్ వెళ్ళి వేగు నడుపుతాననీ నమ్మబలికాడు. వాళ్ళు రహస్యపు సిరా, డబ్బు, ప్రశ్నల జాబితా ఇచ్చి పంపారు. అతను లిస్బన్ దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. ఒక పర్యాటక మార్గదర్శిని, రైళ్ళ వేళల పట్టిక, గ్రంథాలయంలో దొరికిన పత్రికలు ముందు పెట్టుకుని, తాను ఇంగ్లండ్‌లో ఊరూరా తిరుగుతున్నట్టు నివేదికలు అల్లి పంపాడు. గ్లాస్గోలో లీటరు ద్రాక్షసారా పోయిస్తే ఏ పనైనా చేసిపెట్టే మనుషులున్నారని రాశాడు. బీరు, విస్కీ తాగే ఆ ఊరి గురించి అంతకన్నా పెద్ద పొరపాటు ఉండదు. పన్నెండు పెన్నీలకు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులకు ఒక పౌను అనే బ్రిటిష్ లెక్క అతనికి కొరుకుడు పడలేదు కాబట్టి ఖర్చుల చిట్టాలో అంకెలు వేసేవాడే గానీ మొత్తం కట్టేవాడు కాదు. అయినా జర్మన్లు నమ్మారు. ఎంతగా నమ్మారంటే, అతని కల్పనలో పుట్టిన ఒక ఓడల కాన్వాయ్ కోసం వాళ్ళు నిజమైన సముద్రంలో నిజమైన వేట సాగించారు.

ఇది తెలిశాకే బ్రిటిష్ వారికి అతని విలువ అర్థమైంది. 1942 ఏప్రిల్‌లో అతణ్ణి లండన్ చేర్చి గార్బో అని మారుపేరు పెట్టారు. అక్కడ అతను ఇరవై ఏడుమంది ఉపగూఢచారులను సృష్టించాడు. అందులో ఒక్కడూ భూమ్మీద పుట్టలేదు. జీతాలు మాత్రం అందరికీ జర్మనీయే చెల్లించింది. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రసేనలు దిగడం కేవలం ఎత్తుగడేననీ, అసలు దాడి కలే జలసంధి దగ్గర వస్తుందనీ జర్మన్లను నమ్మించినవాళ్ళలో ఇతనిది పెద్ద చెయ్యి. ఇటు జర్మనీ నుంచి ఐరన్ క్రాస్ పతకం, అటు బ్రిటన్ నుంచి ఎం.బి.ఈ. బిరుదు, రెండూ పొందాడు. రెండు ప్రభువుల దగ్గరా జీతం తీసుకునే ఇటువంటివాడిని కౌటిల్యుడు ‘ఉభయవేతనుడు’ అన్నాడు. ఆ మాటను నేను గైడ్‌కు అర్థంతో సహా చెప్పాను. ఆమె తన పుస్తకంలో రాసుకుని, తరువాతి బృందానికి చెబుతానంది. మీరు వెళ్ళినప్పుడు చెబితే దాని మూలం ఇదని గుర్తుంచుకోండి.

ఆ తరువాతే నా అసంతృప్తి మొదలయింది. మధ్యాహ్నానికి ముందు మిగిలిన ముప్పావు గంటలో పోర్చుగల్ ప్రభుత్వం గురించి చెబుతానన్నారు. చెప్పినది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లోనూ ఆ దేశం ఒక రంగస్థలంలా, పరాయివాళ్ళ నాటకానికి అద్దెకిచ్చిన వేదికలా వినిపించింది. నిజానికి ఆ నాటకంలో అందరికన్నా జాగ్రత్తగా ఆడిన పాత్ర ఆ వేదిక యజమానిదే.

కొయింబ్రా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన అంటోనియో సలజార్ 1932 నుంచి ప్రధానిగా, 1933 రాజ్యాంగం తరువాత ‘ఎస్టాడో నోవో’ (కొత్త రాజ్యం) పేరిట నియంతగా దేశాన్ని ఏలుతున్నాడు. యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరులోనే తటస్థతను ప్రకటించాడు. కురుక్షేత్రం ముంచుకొస్తే బలరాముడు తీర్థయాత్రకు వెళ్ళిపోయాడు. దేశానికి ఆ వీలుండదు. ఒకవైపు బ్రిటన్‌తో పద్నాలుగో శతాబ్దం నాటి మైత్రి ఒడంబడిక, మరోవైపు 1940 వేసవి నాటికి పిరనీస్ దాకా వచ్చి కూర్చున్న జర్మన్ సైన్యం. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. షాడ్గుణ్యంలో, అంటే రాజు పాటించదగిన ఆరు విదేశనీతుల్లో, ‘ఆసనం’ అని కౌటిల్యుడు చెప్పిన నీతి, అంటే కదలకుండా కూర్చోవడం, పైకి కనిపించేది. లోపల నడిచింది ‘ద్వైధీభావం’, ఒకరితో సంధి చేసుకుంటూ మరొకరితో మరో బేరం.

ఆ బేరానికి సరుకు వోల్‌ఫ్రామ్, అంటే టంగ్‌స్టన్ ఖనిజం. ఉక్కును కోసే పనిముట్లకూ, ట్యాంకు కవచాన్ని చీల్చే గుండ్లకూ అది కావాలి. 1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడటంతో చైనా నుంచి రష్యా మీదుగా వచ్చే సరఫరా తెగిపోయింది. ఇక హిట్లర్‌కు మిగిలింది పోర్చుగల్, స్పెయిన్ గనులే. బ్రిటన్ తనకు అవసరమైనంత కొనడమే కాక, శత్రువు చేతికి చిక్కకుండా ఉండేందుకు కూడా కొన్నది. రెండు కొనుగోలుదారుల మధ్య ధర ఆకాశాన్నంటింది. ఉత్తర పోర్చుగల్ కొండల్లో రైతులు నాగళ్ళు వదిలేసి గునపాలు పట్టారు. పనష్కైరా గని బ్రిటిష్ కంపెనీది కాబట్టి దాని సరుకు బ్రిటన్‌కు, జర్మన్ల గనులది జర్మనీకి, మిగతాది లెక్క ప్రకారం అని 1942లో ప్రభుత్వం వాటాలు వేసింది. రాత్రివేళ కొండదారుల్లో ఆ లెక్కలు తారుమారయ్యేవి. జర్మనీ చెల్లింపుల్లో చాలా భాగం స్విట్జర్లాండ్ బ్యాంకుల మీదుగా బంగారంగా వచ్చింది. మిత్రరాజ్యాల ఒత్తిడికి తలొగ్గి సలజార్ ఆ ఎగుమతిని ఆపింది 1944 జూన్‌లో, అంటే నార్మండీ దాడి ముంగిట.

1943లో బ్రిటన్ ఆ పాత ఒడంబడికను బయటకు తీసి, అట్లాంటిక్ మధ్యలోని అజోర్స్ దీవుల్లో స్థావరాలు కావాలంది. సలజార్ ఒప్పుకున్నాడు, అక్టోబరులో బ్రిటిష్ దళాలు టెర్సైరా దీవిలో దిగాయి. 1373 నాటి కాగితాన్ని చర్చిల్ పార్లమెంటులో చదివి వినిపిస్తుంటే సభ్యులు విస్తుపోయారు. అంత చేసినా పోర్చుగల్ తటస్థ దేశంగానే మిగిలింది. 1945 మే నెలలో హిట్లర్ మరణవార్తకు లిస్బన్‌లో ప్రభుత్వ జెండాలు సగం దించారు కూడా. పాము చావకుండా కర్ర విరగకుండా అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ చరిత్రలో వెతకాలి.

ఇక సలజార్ రాజకీయ పోలీసు, పీవీడీఈ. సరిహద్దుల్లో విదేశీయుల రాకపోకలు, హోటళ్ళలో బస, కాందిశీకుల గడువులు, అన్నీ దాని చేతిలోనే. చాలామందిని లిస్బన్‌లో ఉండనివ్వకుండా కాల్దాస్ ద రైన్హా, ఎరిసైరా, ఫిగైరా ద ఫోజ్ వంటి ఊళ్ళకు పంపి అక్కడే ఉండమన్నది. జర్మన్లు ఒకవేళ ఆక్రమిస్తే ప్రతిఘటించడానికని బ్రిటిష్ విధ్వంసక విభాగం ఎస్.ఓ.ఈ. రహస్యంగా పోర్చుగల్‌లో ఒక వల అల్లితే, 1942లో దాన్ని ఛేదించింది ఈ పోలీసే. బ్రిటిష్ అధికారి దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. అతిథులిద్దరూ కొట్టుకోవచ్చు, ఇంటి దూలాలు మాత్రం కదిలించకూడదన్నది వాళ్ళ నియమం. ఇవన్నీ గైడ్‌కు తెలుసు. నేను అడిగిన ఒక్కొక్క ప్రశ్నకు ఆమె ఇచ్చిన సమాధానాలే దానికి సాక్ష్యం. కానీ పర్యటన కార్యక్రమం రాసినవారు ఆమెకు ఇచ్చిన సమయం పది నిమిషాలు.

భోజనం తరువాత కైస్ దో సోద్రే స్టేషన్‌లో రైలెక్కాము. టేగస్ నది ముఖద్వారం వెంబడి, కిటికీకి నీళ్ళు తాకుతాయా అన్నంత దగ్గరగా సాగే ఈ ప్రయాణం దాదాపు అరగంటకు పైన. ఎస్టొరిల్ స్టేషన్ నుంచి బయటికి రాగానే ఎదురుగా పొడవైన తోట, తోట చివర క్యాసినో. గైడ్ ఇక్కడ మారింది. ఉదయం నడిపించినావిడ ముందే కుదిరిన మరో పని మీద వెళ్ళిపోగా, ఒక యువకుడు వచ్చాడు. అతనికి కథలు వచ్చు. కథకూ చరిత్రకూ మధ్య గీత మాత్రం రాదు.

మధ్యాహ్నపు భాగమంతా ఒకే మనిషి చుట్టూ తిరిగింది. 1941 మే నెలలో బ్రిటిష్ నౌకాదళ గూఢచార విభాగాధిపతి వెంట ఎస్టొరిల్ వచ్చి, ఇక్కడ జూదం ఆడి, యుద్ధం తరువాత జేమ్స్ బాండ్ అనే జగత్ప్రసిద్ధ గూఢచారి పాత్రను సృష్టించిన ఆ అధికారి ఇయాన్ ఫ్లెమింగ్. అతను ఇక్కడికి రావడం నిజం. యుగోస్లావియాకు చెందిన ఉభయవేతనుడు దుష్కో పోపోవ్ ఇదే క్యాసినోలో తిరిగాడన్నదీ నిజం. ఆ ఇద్దరినీ కలిపి, పోపోవే ఆ పాత్రకు మూలమని ఖాయం చేసి, క్యాసినో గాజు గోడల ముందు మా చేత పేకముక్కలు పట్టించి ఫొటోలు తీయించడం మాత్రం నాకు నచ్చలేదు. పైగా ఇప్పుడు కనిపించే ఆ గాజు కట్టడం యుద్ధకాలం నాటిది కానే కాదు, 1960లలో కట్టినది. ‘ఈ బల్ల దగ్గరే’ అని అతను అన్నప్పుడు ఆ బల్లకు పుట్టుకే లేదు. నేను మెల్లగా ఆ సంగతి అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

1930లో తెరిచిన పలాసియో హోటల్ మాత్రం నిలిచి ఉన్న సాక్షి. మిత్రపక్షాలవారు ఎక్కువగా అక్కడ, జర్మన్లు ఎక్కువగా సముద్రపు ఒడ్డున ఉండిన అట్లాంటికో హోటల్‌లో దిగేవారు. హోటల్‌లో దిగిన ప్రతి విదేశీయుడి పేరు, వృత్తి, పాస్‌పోర్టు వివరాలతో పోలీసులకు పంపిన చీటీలు వేల సంఖ్యలో కాస్కైస్ పురపాలక సంఘం చారిత్రక పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. పర్యటనలో వాటి నకలు ఒక్కటీ చూపలేదు. ఉదయం వీసా నకళ్ళు చేతికిచ్చిన సంస్థే మధ్యాహ్నం పేకముక్కలు ఎందుకిచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

విండ్సర్ డ్యూక్ ఉదంతం కొంత నయం. సింహాసనం వదులుకున్న ఆ మాజీ రాజు 1940 జూలైలో కాస్కైస్‌లో బ్యాంకరు రికార్డో ఎస్పిరిటో శాంటో ఇంట్లో దిగాడు. అతణ్ణి మంచిమాటలతోనో, బెదిరించో స్పెయిన్‌కు రప్పించమని జర్మన్ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ గూఢచార అధికారి వాల్టర్ షెలెన్‌బర్గ్‌ను పంపాడు. ఏమీ సాగలేదు. ఆగస్టు 1న డ్యూక్ ఓడెక్కి, గవర్నరుగా బహామాస్‌కు బయలుదేరాడు. యువకుడు దీన్ని హాస్యంగా చెప్పాడు, అందరం నవ్వాము.

నవ్వలేని కథలు అతని జాబితాలో లేవు. హిట్లర్‌ను ఎదిరించి రాసిన జర్మన్ పాత్రికేయుడు బెర్తోల్డ్ యాకోబ్‌ను 1941 సెప్టెంబరులో నాజీ మనుషులు ఈ తటస్థ రాజధాని వీధుల్లోంచే ఎత్తుకుపోయారు. 1944లో బెర్లిన్‌లో చనిపోయాడు. పోపోవ్ స్నేహితుడు, జర్మన్ గూఢచార శాఖలో ఉంటూనే బ్రిటిష్ వారికి పనిచేసిన యోహాన్ యెబ్సెన్‌ను 1944 ఏప్రిల్ చివర్లో లిస్బన్‌లో పట్టుకుని, స్పెయిన్ మీదుగా దొంగతనంగా జర్మనీకి తరలించారు. అతను నోరు విప్పి ఉంటే నార్మండీ మోసం బయటపడేదే. విప్పలేదు. జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరం తరువాత అతని ఆచూకీ లేదు. క్యాసినోలో పోపోవ్ వేసిన పందెం గురించి ఇరవై నిమిషాలు విన్నవాళ్ళకు అతని స్నేహితుడి గురించి రెండు నిమిషాలైనా వినిపించాలి. తటస్థ నేల అందరికీ ఒకే పాటి తటస్థం కాలేదన్నది ఈ ఇద్దరి సంగతి తెలియనిదే బోధపడదు.

1943 జూన్ 1న లిస్బన్ పోర్టెలా విమానాశ్రయం నుంచి ఇంగ్లండ్‌కు బయలుదేరిన ప్రయాణికుల విమానాన్ని బిస్కే అఖాతం మీద జర్మన్ యుద్ధవిమానాలు కూల్చేయగా పదిహేడుమందీ మరణించారన్న విషయం చెప్పారు. నటుడు లెస్లీ హోవర్డ్ అందులో ఉన్నందువల్లే చెప్పారని నా అనుమానం. అదే విమానాశ్రయంలో జర్మన్ విమానాలూ, బ్రిటిష్ విమానాలూ పక్కపక్కన నిలిచేవన్న వింతను మాత్రం వదిలేశారు.

తిరుగు రైలులో అనుకోకుండా ఉదయం గైడ్ మళ్ళీ కనిపించింది; ఆమె ఇల్లు ఆ దారిలోనే. మా దేశం వాళ్ళకు ఈ తటస్థతతో మరో దిక్కునుంచి పరిచయం ఉందని చెప్పాను. అప్పట్లో గోవా పోర్చుగల్ పాలనలో ఉంది కాబట్టి అదీ తటస్థమే. మూడు జర్మన్ ఓడలు, ఒక ఇటలీ ఓడ మార్ముగోవా రేవులో తలదాచుకున్నాయి. వాటిలోని ఎహ్రెన్‌ఫెల్స్ నుంచి జలాంతర్గాములకు రహస్యంగా రేడియో సందేశాలు పోతున్నాయని బ్రిటిష్ వారు భావించారు. తటస్థ రేవు మీద సైన్యం దాడి చేయకూడదు. కాబట్టి కలకత్తా లైట్ హార్స్ అనే స్వచ్ఛంద దళానికి చెందిన, నడివయసు దాటిన వర్తకులనూ గుమాస్తాలనూ రేవు పూడిక మట్టిని మోసే ఒక పడవలో పంపి 1943 మార్చి 9 రాత్రి ఆ ఓడ మీద పడ్డారు. నాలుగు ఓడలూ మునిగాయి. ఈ సంగతి 1978 దాకా గుట్టుగానే ఉంది. ఆమె కొంచెంసేపు కిటికీలోంచి నదిని చూసి, ‘లిస్బన్‌లో మేము అతిథుల చీటీలు లెక్కపెట్టుకుంటూ ఉంటే, మా రేవుల్లో ఇంత జరిగిందా!’ అంది. ఆ రోజు మొత్తంలో ‘మేము’ అని ఆమె అనడం నాకు వినిపించింది అప్పుడే.

ఇక వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. ఇటువంటి సంస్థలు ఉదయం భాగాన్ని విడిగా కూడా అమ్ముతాయేమో అడగండి. మేము అడగకుండా మొత్తం కొన్నాము. ఎస్టొరిల్‌కు సొంతంగా రైల్లో వెళ్ళడం చాలా తేలిక. అక్కడ క్యాసినో ముందు ఆగకుండా పోస్టాఫీసు భవనం దగ్గరికి నడవండి. దాని పై అంతస్తులో యుద్ధకాలపు ప్రవాసుల జ్ఞాపకార్థం ఏర్పాటైన చిన్న ప్రదర్శనశాల ఉంది. మా పర్యటన దాని ముందునుంచే పోయింది గానీ లోపలికి తీసుకుపోలేదు. తెరిచి ఉండే రోజులూ వేళలూ ముందుగా కనుక్కోండి. మేము ఒంటరిగా తిరిగి వెళ్ళేసరికి తలుపు మూసి ఉంది.